బుట్టబొమ్మ లోపలికి చలవ బనీను

చోడవరం చుట్టుపక్కల జాకెట్లు కుట్టేవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, గుమ్మంలో పట్టనంత భుజాలున్న ఆడమనిషికి జాకెట్టు కుట్టింది మాత్రం నేనొక్కదాన్నే. ఆ ఆడమనిషి మా ఇంట్లోనే, ముందుగదిలో ఓ మూల నిలబడి ఉంటుంది. వెదురు బద్దలతో అల్లిన ఒళ్ళు, కాగితం గుజ్జుతో చేసిన తల, చెవులకి నా అరచెయ్యంత దుద్దులు. కట్టుకోవడానికి ఒక చీర చాలదు, రెండు కలిపి కుట్టాలి. అది బుట్టబొమ్మ. ఉగాది వెళ్ళాక వచ్చే అమ్మవారి పండక్కి మా ఆయన దాన్ని భుజాల మీద ఎత్తుకుని, దాని చీరలోపల తాను దాక్కుని, డప్పుల మోతకి వీధులన్నీ ఆడుకుంటూ తిరుగుతాడు. మిగతా రోజుల్లో వడ్డాది మీదుగా మాడుగుల దాకా ఆటో నడుపుతాడు.

ఆయనకంటే ముందు మా మామగారు ఆ బొమ్మని ఆడించేవారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, ఇంట్లో నాకంటే అందంగా ముస్తాబయ్యే ఆడది ఇంకొకతె ఉందని మా అమ్మతో చెప్పి నవ్వించాను. తరవాత తరవాత దాని జాకెట్టు పని కూడా నా మెడకే చుట్టుకుంది. ఏటా కొత్త రంగు కావాలి, జరీ అంచు కావాలి, చేతులు ఉబ్బుగా రావాలి. కుట్టుకూలి అడిగితే అమ్మవారు చూసుకుంటుందని మా ఆయన చెయ్యెత్తి గోపురం వైపు చూపించేవాడు. అయినా ఆ జాకెట్టు కుట్టేటప్పుడు ఉన్నంత హుషారు నాకు పెళ్ళికూతురి జాకెట్లు కుట్టేటప్పుడు కూడా ఉండేది కాదు. నిజం చెప్పడానికి సిగ్గెందుకు?

కిందటేడాది పండక్కి ఎండ బాగా ముదిరింది. ఊరేగింపు కోత మిల్లు మలుపు దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. బొమ్మ ఓసారి ఎడమకి వాలింది, ఓసారి కుడికి వాలింది. కొత్త అడుగేదో వేస్తున్నాడనుకుని కుర్రకారు ఈలలు వేశారు. నేను కూడా నవ్వాను. తరవాత బొమ్మ నెమ్మదిగా కిందకి కూలబడింది. డప్పులు ఆగాయి. నలుగురు కలిసి బొమ్మని పైకెత్తితే కింద మా ఆయన కళ్ళు తేలేసి పడున్నాడు. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్నపిల్ల. మా అమ్మాయికంటే ఓ రెండేళ్ళు పెద్దదేమో. ఆయనకి సెలైన్ పెట్టించి, తేరుకున్నాక మా ఇద్దర్నీ కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. ఒళ్ళు కష్టపడితే లోపల వేడి పుడుతుంది, చెమట పట్టి అది ఆరితేనే ఆ వేడి బయటికి పోతుంది, గాలాడని బుట్టలో చీరలు కప్పుకుని ఉంటే చెమట కారుతుందేగాని ఆరదు, వేడంతా లోపలే పోగుపడుతుంది. ఇంకోసారి ఇలా అయితే తన చేతుల్లో ఏమీ ఉండదని కూడా చెప్పింది. బయటికొచ్చి ఆటో ఎక్కకముందే, ఇక నా ప్రాణం ఉండగా ఆ బొమ్మలో దూరడానికి వీల్లేదని మా ఆయనకి చెప్పేశాను.

నాకు కోపం తొందరగా వస్తుంది, తొందరగా పోదు. ఆ సంగతి తెలిసే కాబోలు, ఆయన ఎదురు చెప్పలేదు. చెప్పి ఉంటే బాగుండేది. పోట్లాటలో అయితే నేనే గెలుస్తాను. ఆయన మాత్రం పొద్దున్నే లేచి బొమ్మ మొహం మీద దుమ్ము తుడిచేవాడు. బుగ్గమీద కాగితం లేచిపోతే చింతగింజల అంబలి కాచి అంటించేవాడు. వానాకాలంలో చెమ్మ తగలకుండా దాన్ని గోడనుంచి జరిపి పెట్టేవాడు. ఆడకపోయినా పని చెయ్యొచ్చు కదా అన్నట్టు ఉండేది ఆయన వాలకం. చూస్తూంటే నాకు ఒళ్ళు మండేది, మళ్ళీ జాలేసేది.

శివరాత్రి దాటాక పండగ పెద్దాయన మా ఇంటికొచ్చాడు. ఈ పెద్దాయనకి నోట్లో ఎప్పుడూ చుట్ట ఉండాలి. వెలిగినా ఆరినా చుట్ట చుట్టే. గుమ్మంలో కూర్చుని, బొమ్మ సంగతి ఏం చేద్దామని మెల్లగా అడిగాడు. పక్క వీధిలో ఆడేవాళ్ళు ఉన్నారట.

"ఇచ్చేద్దాం బాబూ. ఆడేవోడు ఆడాల గానీ బొమ్మ మూల నిలబడితే ఏటి లాభం?" అన్నాడు మా ఆయన. అనేసి, అంతకుముందే కడిగిన ఆటోని మళ్ళీ కడగడానికి వెళ్ళిపోయాడు.

ఆయన అడిగి ఉంటే ఒద్దనేదాన్ని. అడక్కుండా వదులుకుంటుంటే చూడలేకపోయాను.

"బొమ్మ ఎక్కడికీ వెళ్ళదు బాబూ. ఎవులు ఆడాలో నాను సెప్తాను. రెండు వారాలు ఆగండి" అన్నాను పెద్దాయనతో.

అనడానికి అనేశాను గానీ ఉపాయం ఏమీ లేదు. ఒళ్ళు వేడెక్కకుండా చూస్తే చాలు కదా అనుకుని, మంచినీళ్ళ ప్యాకెట్లు ఫ్రిజ్జులో గడ్డకట్టించి, పాత బనీనుకి లోపల జేబులు కుట్టి అందులో పెట్టాను. మా ఆయన్ని పెరట్లో ఆడమన్నాను. నేను పళ్ళెం మీద గరిటెతో డప్పు వాయించాను. మొదట్లో ఆయన "అబ్బో" అన్నాడు. కాసేపటికి పళ్ళు కటకటలాడించడం మొదలెట్టాడు.

"ఒసే, గుండెల మీద సేపల బుట్ట ఎట్టినట్టుందే" అన్నాడు.

ఇంకాసేపటికి ప్యాకెట్ల చుట్టూ పట్టిన చెమ్మ కారి పంచె తడిసింది. బనీను విప్పి చూస్తే జేబులున్న చోటల్లా చర్మం ఎర్రగా కందిపోయి, జేబుల మధ్య చెమటలు పడుతున్నాయి. మర్నాటికి ఆయనకి జలుబు పట్టుకుంది. ఎండకి పడిపోయిన మనిషిని చలికి పడగొట్టావని మా పక్కింటావిడ నన్ను వారం రోజులు ఏడిపించింది.

ఆ వారంలోనే మా తమ్ముడు వచ్చాడు. వాడు విశాఖపట్నంలో ఒక మందుల గోదాములో పనిచేస్తాడు. కొన్ని మందులు మరీ వేడెక్కకూడదు, మరీ చల్లబడకూడదు, అలాంటివాటిని పెట్టెల్లో సర్ది లారీలకి ఎక్కించడం వాడి పని. బావ జలుబు కథంతా విని పగలబడి నవ్వాడు.

"అప్పా, ఐసు మరీ సలవ. అది తగిల్తే సర్మం ముడుసుకుపోతాది. లోపలేడి బైటికి రాడానికి దారుండదు. నీకు కావల్సింది ఐసు కాదు. మా మందుల పెట్టెల్లో ఎడతాం సూడు, అలాంటిది. ఫేజ్ చేంజ్ మెటీరియల్ అంటారు."

"తెలుగులో ఏడు" అన్నాను.

వాడు కాస్త ఆలోచించాడు. "మైనం లాంటిదనుకో. ఐసు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడతాది కదా. ఇది ఇరవయ్యెనిమిది దగ్గరే గడ్డకడతాది. ముట్టుకుంటే సల్లగుంటాది గానీ కరవదు. బావ ఒంటికి తగిల్తే కరగడం మొదలెడతాది. కరుగుతున్నంతసేపూ ఒంట్లో ఏడి లాగేసుకుంటాది, అది మాత్రం ఏడెక్కదు. మొత్తం కరిగిపోయేక మాత్రం ఇంక పని సెయ్యదు. మళ్ళీ గడ్డ కట్టించుకోవాల."

నాకు కొబ్బరినూనె గుర్తొచ్చింది. పుష్యమాసంలో సీసాలో తెల్లగా గడ్డకట్టి కూర్చుంటుంది, అరచేతిలోకి తీసుకుంటే మెల్లగా కరుగుతుంది, కరుగుతున్నంతసేపూ అరచెయ్యి చల్లగా ఉంటుంది. ఐసుగడ్డ వేసిన గ్లాసులో గడ్డ ఉన్నంతసేపూ నీళ్ళు చల్లగానే ఉంటాయి, అదీ అంతే. ఇన్నాళ్ళూ చూస్తూనే ఉన్నాను గానీ, కరగడం కూడా ఒక పనేనని, ఆ పనికి వేడి మేత అని ఎప్పుడూ అనుకోలేదు. ఇదే మాట మా ఆయనతో చెబితే, "అంటే నా ఒంటేడితో కొబ్బరినూని కాస్తావన్న మాట. కరిగింది పారబొయ్యకు, తలకి రాసుకుంటాను" అన్నాడు. ముక్కు దిబ్బడతోనే అన్నాడు గానీ, ఆయన కళ్ళలోకి చాలా నెలల తరవాత వెలుగొచ్చింది. నేను చూశాను.

తరవాతి ఆదివారం తమ్ముడు ప్యాకెట్లు తెచ్చిపడేశాడు. ఒక్కోటీ అరచెయ్యంత, దళసరి ప్లాస్టిక్కులో తెల్లగా ఉన్నాయి. కరిగితే నీళ్ళలా కదులుతాయి, గడ్డకడితే పలకల్లా బిగుసుకుంటాయి. ఒకటి కరిగిపోయాక మార్చుకోవడానికి రెండు జతలు ఇచ్చాడు. ఇక కుట్టుపని నాది. మొదటి బనీను చెడగొట్టాను. ప్యాకెట్లు గుచ్చుకుంటాయేమోనని ఒంటివైపు మందంగా బొంతగుడ్డ వేశాను. చలవంతా బొంత తినేసింది, మా ఆయనకి ఏమీ తెలియలేదు. విప్పి తిరగేసి కుట్టాను. ఒంటివైపు పల్చటి మల్లు గుడ్డ, బయటివైపు దళసరి గుడ్డ. భుజాల మీద వెదురు ఆనుతుంది కాబట్టి అక్కడ జేబులు పెట్టలేదు. ఛాతీకి, వీపుకి, పక్కటెముకలకి పెట్టాను. ప్యాకెట్లు త్వరగా మార్చుకోవడానికి జేబులన్నీ పైనుంచి తెరుచుకునేలా చేశాను. మా ఆయన వేసుకుని అద్దంలో చూసుకుని, తుపాకీ గుండు దిగని పోలీసోడి బనీనులా ఉందని మురిసిపోయాడు. మేమిద్దరం దానికి చలవ బనీను అని పేరు పెట్టాం.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా. మిట్టమధ్యాహ్నం ఆయన్ని డాబా మీదకి తీసుకెళ్ళి, చలవ బనీను తొడిగి, పైన రెండు రగ్గులు కప్పి ఆడమన్నాను. నేను మళ్ళీ పళ్ళెమూ గరిటే. పక్కింటావిడ వాళ్ళ డాబా మీద వడియాలు తిరగేస్తూ చూసింది.

"ఓలమ్మా, జలుబు ముదిరి మలేరియా వచ్చిందేటి? రగ్గులేటి, ఆ గెంతులేటి?"

"నీ వడియాలు సూసుకో అప్పా" అన్నాను.

నేను వాయించలేక చేతులు పీకినా ఆయన ఆగలేదు. రగ్గులు తీసి చూస్తే మెడమీదా నుదుటిమీదా చెమట ఉంది గానీ, ఛాతీ మీద చెయ్యి పెడితే చల్లగా, హాయిగా ఉంది. ఊపిరి తిన్నగా ఉంది. "ఇంకోపాలి ఆడమంటావా?" అని అడిగాడు. ఆ పూట నేను మెత్తబడ్డాను. షరతులు మాత్రం పెట్టాను. పండగ రోజు నేను పక్కనే నడుస్తాను, ప్యాకెట్లు మెత్తబడ్డాయో లేదో నేనే చూస్తాను, దిగిపొమ్మంటే మారుమాట లేకుండా దిగిపోవాలి. ఆయన అన్నింటికీ తలూపాడు. మామూలప్పుడు ఉప్పు తెమ్మంటే పప్పు తెచ్చే మనిషి, బొమ్మ కోసం చెప్పినదల్లా విన్నాడు.

పండగనాడు తెల్లవారగానే బొమ్మని అరుగు మీదకి తెచ్చి నిలబెట్టాం. పసుపు రంగు జాకెట్టు, ఆకుపచ్చ చీర, మెడలో బంతిపూల దండ. బొమ్మలోకి ఏది వెళ్ళాలన్నా ముందు పూజలో పెట్టాలన్నది మా మామగారి నాటి పద్ధతి. భుజానికి వేసుకునే మెత్త కానీ, నడుముకి కట్టే తాడు కానీ, పూజ కాకుండా బొమ్మ లోపలికి వెళ్ళదు. అందుకని ఫ్రిజ్జులోంచి ప్యాకెట్లు తీసి, బనీనులో సర్ది, పసుపు బొట్లు పెట్టి, బొమ్మ ముందు పెట్టాను. రెండో జత కూడా పళ్ళెంలో పెట్టి తెచ్చాను.

"అయ్యెందుకే? ఫ్రిజ్జులో ఉండనియ్యి" అన్నాడు మా ఆయన. అన్నాడు గానీ ఆయనకీ అనుమానమే. వెంటనే, "పూజలో ఎట్టకుండా మజ్జలో లోపలికెలా ఎడతాంలే" అన్నాడు.

"అదే మరి. అమ్మోరికి ఒకటి సూపించి ఒకటి దాసుకుంటావేటి?" అన్నాను నేను.

అలా ఇద్దరం కలిసి అన్నీ అరుగు మీదే పెట్టాం. చుట్టూ దీపాలు వెలిగించాం. ధూపం వేసే నిప్పుల మూకుడు కూడా పక్కనే పెట్టి, సాంబ్రాణి పొగ బనీను లోపలికి వెళ్ళేలా విసనకర్రతో విసిరాను. ఆ రోజు నా భక్తి చూసి నాకే ముచ్చటేసింది. గుడి దగ్గర అమ్మవారి ఘటం ఎత్తడం ఆలస్యమైంది, ఎప్పుడు కాలేదు గనక! డప్పులు మా వీధి మొదట్లో వినబడేసరికి ఎండ అరుగంతా పరుచుకుంది.

బనీను చేతిలోకి తీసుకున్నాను. జేబులు జారిపోతున్నాయి. నొక్కితే లోపల నూనె ప్యాకెట్లలా మెత్తగా కదిలింది. పళ్ళెంలోవి చూశాను, అవీ అంతే. తానొకటి తలిస్తే దైవమొకటి తలచినట్టు అంటారు గానీ, ఇక్కడ దైవం చేసిందేమీ లేదు. మామూలుగా పెట్టినా ఆ ఎండకి కరిగేవి, మేం నిప్పులు కూడా పెట్టాం. ఫ్రిజ్జులో పెడదామని లోపలికి పరిగెత్తాను. కరెంటు లేదు. బొమ్మ తల తీగలకి తగలకుండా ఊరేగింపు అయ్యేదాకా వీధుల్లో కరెంటు తీసేస్తారు. నాకు తెలియక కాదు, ఆ క్షణందాకా గుర్తురాలేదు.

మా ఆయనకి చెప్పాను. ఆయన మొహం ఒక్కసారి చిన్నబోయింది, వెంటనే సర్దుకున్నాడు.

"పోనీలేవే. ఇయ్యాల మబ్బుగా ఉంది."

ఆకాశంలో మబ్బన్నది లేదు.

"రెండు ఈధులాడి దిగిపోతాను. నీ మీదొట్టు" అన్నాడు.

"నా మీద ఒట్టెయ్యకు. నిరుడు కూడా ఇలాగే అన్నావు. కోత మిల్లు కాడ పడ్డావు. మళ్ళీ ఆ కళ్ళు నాను సూళ్ళేను" అన్నాను. గొంతు పెద్దదైపోయింది. ఏడుపు కూడా వచ్చేసింది. వెళ్ళి బొమ్మకి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాను. అప్పటికే డప్పులవాళ్ళు మా గుమ్మం ముందుకి వచ్చేశారు. పండగ పెద్దాయన ముందుకొచ్చాడు.

"ఏటి తల్లీ, దారియ్యి. ఘటం ముందుకెళ్ళిపోతంది."

ఆ సమయానికి గంట వినబడింది. పుల్లైసు బండి గంట. వడ్డాది నుంచి ఏటా వచ్చే మనిషే, ఊరేగింపు వెనకాలే బండి తోసుకుంటూ పిల్లలకి అమ్ముకుంటాడు. నాకు అరుగు మీంచి దూకడం ఒక్కటే గుర్తుంది. బండి దగ్గరికెళ్ళి పెట్టె మూత ఎత్తేశాను. లోపల ఉప్పు కలిపిన ఐసు, దాని మధ్య డబ్బాల్లో ఎర్ర పుల్లైసులు, చల్లటి పొగ మొహానికి కొట్టింది.

"బాబూ, నీ పెట్టిలో కాసింత సోటియ్యి. ఇయ్యి గట్టిపడాల" అని ప్యాకెట్లు చూపించాను.

అతను ఒకదాన్ని పట్టుకుని చూసి వెనక్కిచ్చేశాడు. "ఏడిగా ఉన్నాయమ్మా. ఇయ్యి లోపలెడితే వీటేడి నా ఐసు తాగాల. నా సరుకు నీరైపోద్ది."

అతను అన్నది నిజమే. నేను ఊరుకోలేదు. "మీ ఇంటావిడకి రెండు జాకెట్లు కుట్టి ఇస్తాను. లైనింగుతో. ఎంబ్రాయిడరీ కూడా ఏస్తాను" అన్నాను. అతను నన్నూ, అరుగు మీద బొమ్మ పక్కన నిలబడ్డ మా ఆయన్నీ చూశాడు. పసుపు జాకెట్టు జరీ అంచుని కూడా చూశాడనుకుంటాను.

"అదిగో, ఆ సేతుల్లా ఉబ్బుగా కుట్టాల మరి" అన్నాడు.

ఇంతలో పక్కింటావిడ వాళ్ళ మంచినీళ్ళ కుండ చంకన పెట్టుకుని వచ్చేసింది. వడియాలప్పుడు వెటకారం చేసింది ఈవిడే. ముందు కుండనీళ్ళలో ముంచితే సగం వేడి ఇక్కడే పోతుంది, పాపం అతని సరుకు పోదు కదా అంది. ఎదురింటి వాళ్ళూ కుండ తెచ్చారు. కుండల్లో ముంచినవి ముంచినట్టు తీసి, తుడిచి పెట్టెలోకి వేశాం. పెద్దాయన ఇదంతా చూస్తూ చుట్ట తీశాడు.

"సరే, నానొక సుట్ట కాల్సుకుంటాను. అదయ్యేలోపు మీ పని కానియ్యండి" అన్నాడు.

ఆ చుట్ట కథ నేను మరిచిపోలేను. నాలుగు పీల్పులు పీల్చేసరికి ఆరిపోయేది. అగ్గిపెట్టె కోసం తనే జేబులన్నీ వెతుక్కునేవాడు. మళ్ళీ వెలిగించేవాడు, మళ్ళీ ఆరిపోయేది. డప్పులవాళ్ళు గొణిగితే, "సుట్ట తడిసిపోనాది బాబూ, నానేటి సేస్తాను" అన్నాడు. ఆ ఎండలో చుట్ట తడవడమేమిటో ఎవరూ అడగలేదు. అంత చలవమనసున్న పెద్దమనిషిని నేను మరొకర్ని చూడలేదు.

ప్యాకెట్లు పలకల్లా బిగుసుకుని బయటికొచ్చాయి. పుల్లైసు పెట్టెలోంచి వచ్చాయి కదా, మొదట చురుక్కుమన్నాయి. ఆడవాళ్ళం తలా ఒకటి తీసుకుని చేతుల్లో అటూ ఇటూ తిప్పి, చెంపకి ఆనించి చూసి, కరవడం లేదనుకున్నాకే బనీనులో పెట్టాం. మా ఆయన చేతులెత్తి నిలబడ్డాడు. అందరి ముందూ ఆడవాళ్ళంతా చుట్టూ చేరి తనని అలంకరిస్తుంటే సిగ్గుపడి చచ్చాడు. బొమ్మ లేచింది. డప్పులు ఒక్కసారిగా మోగాయి.

ఇక ఆ రోజంతా నా పని ఒకటే. ఘటం ఎత్తినవాళ్ళ కాళ్ళకి పసుపునీళ్ళు పొయ్యడానికి ఇంటింటి ముందూ ఊరేగింపు ఆగుతుంది. పుల్లైసు బండి వెనకాలే ఉంటుంది. ఆగినచోట నేను బొమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి లోపలికి దూరేదాన్ని. ప్యాకెట్లు నొక్కి చూసేదాన్ని. కరిగినవి తీసి, గట్టివి పెట్టి, కరిగినవాటిని బండి పెట్టెలో పడేసేదాన్ని. అతని పుల్లైసులు కొంచెం మెత్తబడ్డాయి. మెత్తబడితే తొందరగా తినెయ్యాలి కాబట్టి పిల్లలు ఇంకోటి ఇంకోటి అని ఎగబడ్డారు. బండిమనిషి మొహంలో ఏ విచారమూ కనబడలేదు.

నేను అన్నేళ్ళు ఆ బొమ్మకి జాకెట్లు కుట్టాను గానీ, ఆయన ఆడుతుండగా లోపలికి వెళ్ళింది అదే మొదలు. లోపల మసక చీకటి. వెదురు వాసన, సాంబ్రాణి వాసన, ఆయన చెమట వాసన. చూడ్డానికి బొమ్మ పొట్ట దగ్గర చిన్న కంత. అందులోంచి రోడ్డు మీది కాళ్ళు మాత్రం కనబడతాయి. తడిసిన పాదాలు, గజ్జెలు, చెప్పుల్లేని పిల్లల కాళ్ళు. ఈయన ఇన్నాళ్ళూ మా ఊరి పండగని ఇంతే చూశాడా అనుకున్నాను. ఆయన నన్ను చూసి, ఎవరో చుట్టం వచ్చినట్టు, "రా రా" అన్నాడు. డప్పులు ఆగి ఉన్నా కాళ్ళు ఆగలేదు, అక్కడే అడుగులు వేస్తున్నాడు. అంత సంతోషంగా ఉన్న మనిషిని అంత దగ్గరగా చూడడం బాగుంది. బయటికి రాగానే ఎవరో ఆడవాళ్ళు, "పెళ్ళాన్ని కూడా బొమ్మలో ఎట్టుకుని ఆడతన్నాడే" అని నవ్వారు. నవ్వనీ.

కోత మిల్లు మలుపు వచ్చింది. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. బొమ్మ ఎడమకి వాలింది. నేను డప్పులవాళ్ళని తోసుకుంటూ వెళ్ళి చీర ఎత్తాను.

"ఏటైంది?"

"ఏటీ అవలేదే. అడుగది. నిరుడు సగంలో ఆగిపోనాది కదా" అన్నాడు.

నమ్మలేదు. బనీను లోపలికి చెయ్యి పెట్టి ఛాతీ మీద ఆనించాను. చల్లగా ఉంది. గుండె డప్పుకి తగ్గట్టు కొట్టుకుంటోంది. జేబులు నొక్కితే సగం మెత్తగా, సగం గట్టిగా ఉన్నాయి. ఇంకా టైముంది. "ఆడు" అని బయటికొచ్చాను. బొమ్మ కుడికి వాలింది, గుండ్రంగా తిరిగింది, చీర గొడుగులా విచ్చుకుంది. ఈసారి ఈలలు వేసినవాళ్ళని నేను తిట్టుకోలేదు.

పొద్దు వాలేలోపు బొమ్మ పొలిమేర దాకా వెళ్ళి తిరిగి మా అరుగెక్కింది. ఆయన లోపల్నుంచి తన కాళ్ళ మీద తాను బయటికొచ్చాడు. బనీను విప్పి నా చేతికిచ్చి, నూతి దగ్గర స్నానం చేసి, తువ్వాలు భుజాన వేసుకుని వంటింట్లోకి వచ్చాడు. నేను కోడికూర వేడి చేస్తున్నాను. ఆయన పీట వాల్చుకుని కూర్చున్నాడు.

నేను గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయాను. బొమ్మని ఎత్తుకోవడం మొదలెట్టిన దగ్గర్నుంచీ పండగనాడు దాన్ని దించగానే ఆయన అరుగు మీద పడిపోయేవాడు. లేపినా లేచేవాడు కాదు. మజ్జిగ నోట్లో పోస్తే మింగేవాడు, అంతే. అమ్మాయి పండక్కి వచ్చిన పిల్లలతో బయటే ఉండేది. ఊరంతా చుట్టాలతో పంక్తులు వేసుకుని తింటుంటే, ఊరినంతటినీ ఆడించిన మనిషి భార్యని నేను ఈ వంటింట్లో ఒక్కదాన్నే కూర్చుని తినేదాన్ని. ఒక్కో ఏడు తినకుండానే గిన్నెలు మూతపెట్టేసేదాన్ని. అది ఎంత కష్టంగా ఉండేదో ఎవరితోనూ అనలేదు. పండగనాడు అలాంటి మాట ఎవరు వింటారు?

ఆయన కూర కలుపుకుని, ముక్క నోట్లో పెట్టుకుని, ఉప్పు సరిపోయిందన్నాడు. బొమ్మ లోపల్నుంచి చూసిన కాళ్ళ గురించి చెప్పాడు. పెద్దాయన చుట్ట గురించి చెప్పి నవ్వాడు. మళ్ళీ అన్నం పెట్టమన్నాడు. నాకు కళ్ళు నిండిపోయాయి.

"ఏటే అలా సూస్తన్నావు? నువ్వూ వడ్డించుకో. కూర సల్లారిపోద్ది" అన్నాడు.

నా కంచం తెచ్చుకుని ఆయన పక్కన కూర్చున్నాను.